సైకిలు బెల్లు నడిచేవాళ్ల కోసం

కడపలో కొత్త సైకిలు కొనేవాళ్లను గమనిస్తుంటా. గేర్లు ఎన్ని, ముందు షాక్ అబ్జార్బరు ఉందా, డిస్క్ బ్రేకా మామూలుదా, టైరు ఎంత లావు, ఇవన్నీ అడుగుతారు, సీటు నొక్కి చూస్తారు, చక్రం పైకెత్తి తిప్పి చూస్తారు. బెల్లు ఊసెత్తరు. అమ్మేవాళ్లూ ఎత్తరు. నేను గేర్ సైకిలు కొన్నప్పుడు హ్యాండిలుకు బెల్లే లేదు. ఇదేంది అని అడిగితే "ఈ మోడల్‌కు బెల్లు రాదు సార్, ఎవురూ అడగరు కూడా" అన్నాడు షాపులో కుర్రాడు. వేలు పోసి కొనే బండికి వంద రూపాయల వస్తువు ఎందుకు రాదో ఆ పిల్లాడు మాత్రం ఏం చెబుతాడు. కానీ బెల్లు లేకుండా సైకిలును రోడ్డు మీదికి పంపించడం తప్పు అని నేను గట్టిగా నమ్ముతా. ఈ మాట అంటే నవ్వేవాళ్లే ఎక్కువ, అందుకే ఎందుకు నమ్ముతానో వివరంగా రాస్తున్నా.

ముందుగా వినిపించే మాట ఒకటుంది: "ఈ రొదలో నీ ట్రింగ్ ట్రింగ్ ఎవురికి ఇనపడ్తాది?" దీన్ని నేను కొట్టిపారేయను. ఏడు రోడ్ల కూడలిలో సిటీలోకి తిరుగుతున్న ఆర్టీసీ బస్సు డ్రైవరుకు సైకిలు బెల్లు వినపడదు. బైపాస్ మీద లారీ డ్రైవరుకు అస్సలు వినపడదు, కారులో అద్దాలు ఎత్తుకుని ఏసీ వేసుకున్నాయనకు వినపడినా అది ఎక్కడిదో అర్థం కాదు. పెద్ద బండ్ల దగ్గర మనల్ని కాపాడేవి బ్రేకు, ఎడమ పక్క గీత తప్పకుండా పోవడం, వెనక ఎర్రటి రిఫ్లెక్టరు, చీకటి పడితే లైటు. బెల్లును నమ్ముకుని బస్సుకు అడ్డం పోయేవాడికి నేను బెల్లు కొనమని చెప్పను, ముందు బ్రేకు కట్టలు మార్చుకోమని చెబుతా. అయితే బస్సుకు వినపడదు కాబట్టి బెల్లు దండగ అనేవాళ్లు, బెల్లును చిన్న సైజు హారన్ అనుకుంటున్నారు. పెద్ద బండి చిన్న బండిని జరగమనడానికి హారన్ పుట్టింది. బెల్లు వినాల్సిన మనుషులు వేరే ఉన్నారు.

సాయంత్రం ఆరు దాటాక వైవీ స్ట్రీట్‌లోకి సైకిలు తీసుకుని పొండి. గుడ్డల షాపులు, బంగారు షాపులు, మెట్ల ముందు వరసగా నిలిపిన స్కూటర్లు, ఆ స్కూటర్లకు ముందు తోపుడు బండ్లు, మిగిలిన సందులో మనుషులు. నడవడానికి వేరే చోటు లేదు కాబట్టి వాళ్లు రోడ్డు మధ్యలోనే నడుస్తారు, అది వాళ్ల తప్పు కాదు. ఒకామె షాపులోంచి రెండు చేతుల్లో సంచులతో దిగుతుంది, ఒక పిల్లాడు అమ్మ చెయ్యి విడిపించుకుని బొమ్మల బండి వైపు పరిగెడతాడు, ఒక పెద్దాయన అక్కడే ఆగి జేబులో చీటీ వెతుక్కుంటాడు. మోటారు సైకిలు వస్తే వీళ్లందరికీ ముందే తెలిసిపోతుంది, దాని ఇంజనే చెబుతుంది. ఆటో అయితే వీధి మొదట్లో ఉన్నప్పుడే తెలుస్తుంది. సైకిలు ఒక్కటే చప్పుడు లేకుండా వచ్చి వీపు వెనక నిలబడుతుంది. చైనుకు బాగా నూనె పెట్టుకుని, బేరింగులు బిగించుకుని, బండిని ఎంత బాగా చూసుకుంటే అంత నిశ్శబ్దంగా పోతుంది. సైకిలు గురించి మనం గొప్పగా చెప్పుకునే ఆ గుణమే నడిచేవాళ్లకు ప్రమాదం. చప్పుడు లేని బండి ఎక్కినవాడికి తాను వస్తున్నానని చెప్పే బాధ్యత ఉంది, నా వాదన మొత్తం ఇదే.

కాస్త లెక్క చూద్దాం. గంటకు 15 కిలోమీటర్ల వేగం అంటే సైకిలుకు పెద్ద వేగమేం కాదు, హైస్కూలు పిల్లలు కూడా తొక్కేస్తారు. ఆ వేగంలో బండి సెకనుకు నాలుగు మీటర్ల పైన కదులుతుంది. నడిచే మనిషికి చప్పుడు వినపడాలి, అది తన కోసమే అని అర్థం కావాలి, ఏ పక్కకు జరగాలో తేల్చుకోవాలి, కాలు తియ్యాలి. దీనికి తక్కువలో తక్కువ రెండు సెకన్లు వేసుకోండి, ముసలివాళ్లకు ఇంకా ఎక్కువ. అంటే ఎనిమిది తొమ్మిది మీటర్లు బెల్లు కొట్టిన తర్వాత ఊరికే గడిచిపోతాయి. మూడు మీటర్ల దగ్గరికొచ్చి బెల్లు కొట్టేవాడు ఎదుటి మనిషిని బెదిరించినట్టే తప్ప చెప్పినట్టు కాదు. పదిహేను మీటర్ల ముందు ఒకసారి కొట్టి, తొక్కడం ఆపి, చేతులు బ్రేకు మీద ఉంచుకుని రావాలి. జరిగారా, సంతోషం. జరగలేదా, ఇంకోసారి మెల్లగా కొట్టండి, అప్పటికే మీ వేగం తగ్గి ఉంటుంది.

దగ్గరికొచ్చి కొడితే ఇంకో చిక్కు ఉంది, ఇది ఎవరైనా గమనించొచ్చు. బెదిరిన మనిషి వెనక్కి తిరిగి చూస్తాడు, ఏ భుజం మీదుగా తిరిగితే ఒళ్లంతా ఆ పక్కకే వాలుతుంది. కుడివైపు తిరిగి చూసినాయన కుడివైపే ఒక అడుగు వేస్తాడు, మనం దాటాలనుకున్నదీ కుడి పక్కే. ఇట్లా తగిలాక "బెల్లు కొట్టినా కదా" అని అరిచేవాళ్లను ఎంతమందిని చూడలేదు! కొట్టావు సరే, ఎప్పుడు కొట్టావు?

"నోరుండగా బెల్లెందుకు" అనేది రెండో వాదన. మన ఊళ్లో "న్నా, జరుగున్నా" అని కేకేస్తే జరగనివాళ్లు ఉండరు, నేను కూడా కేకేస్తా. కానీ ఎత్తు ఎక్కుతూ ఆయాసపడుతున్నప్పుడు నోరు లేవదు. వెనకనుంచి చూసి అక్కో, అవ్వో, పిన్నమ్మో తేల్చుకునే లోపల దగ్గరికే వచ్చేస్తాం. పైగా సందులో ఎవరు కేకేసినా అది షాపువాడు గిరాకీని పిలుస్తున్నట్టే ఉంటుంది, ఎవరూ తిరిగి చూడరు. బెల్లు వింటే మాత్రం సైకిలు వస్తోందని చిన్నపిల్లలకూ తెలుసు, ఎంత వేగంతో వస్తుందో ఎంత వెడల్పు చోటు కావాలో కూడా వాళ్లకు తెలుసు. అందుకని ముందు బెల్లు, దగ్గరికి వచ్చాక నోరు: "కుడిపక్కన వస్తున్నా పెద్దాయనా." ఏ పక్కనుంచి వస్తున్నామో చెప్పడానికి మాట కావాలి, ఆ ఒక్క పని బెల్లుకు రాదు.

ఇక ఎలాంటి బెల్లు అనేది. దీనిమీద నాకు పట్టింపు ఎక్కువ.

పాత రోడ్డు సైకిళ్లకు వచ్చే స్టీలు బెల్లు అందరికీ తెలిసిందే, బొటనవేలితో మీట నొక్కితే ట్రింగ్‌మంటుంది. మూత విప్పి లోపల చూడండి. మీటకు పళ్లున్న ముక్క ఒకటి ఉంటుంది, అది చిన్న పళ్లచక్రాలను తిప్పుతుంది, వాటితో పాటు ఒక అడ్డపట్టీ గిర్రున తిరుగుతుంది. ఆ పట్టీ చివర్లలో వదులుగా ఉన్న రెండు వాషర్లు తిరిగే వేగానికి బయటికి విసురుకుని మూత లోపలి బొడిపెలకు తగులుతాయి. ఒక్కసారి నొక్కితే అన్ని దెబ్బలు పడేది అందుకే. చేతిని వదిలేస్తే స్ప్రింగు మీటను వెనక్కి లాగుతుంది, అప్పుడు మళ్లీ మోగుతుంది. బ్యాటరీ లేదు, వైరు లేదు. సైకిలు బెల్లుకు 1877లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన జాన్ రిచర్డ్ డెడికోట్ పేటెంటు తీసుకున్నాడని చెబుతారు. అప్పటికింకా ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉన్న సైకిళ్లే తిరిగేవి.

రెండో రకం టింగ్‌మని ఒకే దెబ్బ కొట్టేది. చిన్న సుత్తిని స్ప్రింగుతో వెనక్కి లాగి వదిలితే మూతను కొడుతుంది. ఇది ఇత్తడిదో కంచుదో అయితే దెబ్బ ఒక్కటే అయినా మోత చాలాసేపు నిలుస్తుంది, వినడానికి చాలా హాయిగా ఉంటుంది. గుడి వీధిలోనో ఆర్ట్స్ కాలేజీ వైపు పొద్దున నడకకు వచ్చేవాళ్ల మధ్యనో ఇంతకంటే మంచిది లేదు. వైవీ స్ట్రీట్‌లో సాయంత్రం పూట అయితే ఒక్క దెబ్బ ఆ గోలలో కలిసిపోతుంది. రోజూ బజారు మీదుగా పోయేవాళ్లకు నేను చెప్పేది ట్రింగ్ బెల్లే, అదీ మూత పెద్దదిగా ఉన్నది.

మూత పెద్దది ఎందుకంటే, ఒకే మందం రేకు అయితే మూత పెద్దదయ్యే కొద్దీ స్వరం కిందికి దిగుతుంది, మోత కూడా పెరుగుతుంది. ఇంజన్ల రొద ఎక్కువగా బొంగురు గొంతుది కాబట్టి సన్నటి స్వరం దాన్ని చీల్చుకుని వినపడుతుంది, బెల్లు పనిచేసేది ఆ సూత్రం మీదే. కానీ వయసు పెరిగే కొద్దీ మనిషికి ముందుగా తగ్గేది సన్నటి స్వరాలు వినే శక్తే. గేర్ సైకిళ్ల కోసం వచ్చే ఉంగరమంత బుల్లి బెల్లు చెవి బాగున్న కుర్రాళ్లకు కీచుమని వినపడుతుంది, డెబ్బై ఏళ్ల అవ్వకు వినపడకపోవచ్చు. బెల్లు అందరికంటే ఎక్కువగా కావలసింది ఆ అవ్వకే. అందుకే మరీ సన్నగా కీచుమనేదాన్ని నేను కొనను, చూడ్డానికి ఎంత నాజూగ్గా ఉన్నా సరే. అల్యూమినియం రేకు మూతలు తేలిగ్గా ఉంటాయి కానీ టక్‌మని చచ్చిపోతాయి, ప్లాస్టిక్ మూతల గురించి మాట్లాడే పనే లేదు.

షాపులో కౌంటరు దగ్గర నొక్కి చూస్తే ఏ బెల్లయినా గట్టిగానే ఉంటుంది, నాలుగు గోడల మధ్య ఉన్నాం కదా. దాన్ని తీసుకుని రోడ్డు మీదికి రండి. వెంట వచ్చినవాళ్లను పదిహేను మీటర్ల దూరంలో వీపు తిప్పి నిలబడమనండి, ఒక ఆటో పోతున్నప్పుడు కొట్టండి. విని చెయ్యెత్తితే కొనండి. ఏ షాపువాళ్లూ దీనికి కాదనరు.

బ్యాటరీతో కూసే హారన్లు ఇప్పుడు పిల్లల సైకిళ్లకు తెగ పెడుతున్నారు, పోలీసు సైరన్‌లా, అంబులెన్సులా, రకరకాల చప్పుళ్లు. అవి వద్దు అని నేను గట్టిగానే చెబుతా. చప్పుడు ఏ వైపునుంచి వస్తోందో మన మెదడు రెండు చెవులకూ అది చేరే సమయంలో, గట్టితనంలో ఉండే తేడాను బట్టి పోల్చుకుంటుంది. ఠంగ్‌మని ఒక్కసారిగా మొదలై, అందులో రకరకాల స్వరాలు కలిసి ఉంటే పోల్చుకోవడం సులువు. ఒకే స్వరంతో కీ అని సాగే చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో తేల్చుకోవడం కష్టం. అందుకే బ్యాటరీ హారన్ వినగానే మనుషులు నాలుగు దిక్కులా చూస్తారు. ఇక అంబులెన్సు కూతను ఆటబొమ్మకు పెట్టడం, నిజం అంబులెన్సుకు దారి ఇవ్వాల్సిన ఊళ్లో, మంచిది కానే కాదు.

ఎక్కడ బిగించాలి? బ్రేకు మీది వేళ్లు తియ్యకుండా బొటనవేలు చాచితే అందాలి. బెల్లు కొట్టే క్షణమే బ్రేకు అవసరమయ్యే క్షణం కూడా, ఒకదాని కోసం ఇంకోదాన్ని వదలాల్సి వస్తే ఆ బెల్లు ఉండీ లాభం లేదు. హ్యాండిల్ మధ్యలో, లైటు పక్కన, అందంగా బిగించుకున్న బెల్లుల్ని చూస్తుంటా, కొట్టాలంటే చెయ్యి మొత్తం తీసి చాచాలి. నేను ఎడమ పక్కనే బిగిస్తా. మనం రోడ్డుకు ఎడమవైపు పోతాం, కుడికి తిరగాలంటే కుడిచెయ్యి చాచి చూపించాలి, ఆ సమయంలో బెల్లు కొట్టడానికి మిగిలేది ఎడమ చెయ్యే. గేర్ సైకిలుకైతే ఇంకో కారణం ఉంది, మాటిమాటికీ మార్చే వెనక గేర్ల మీట కుడి బొటనవేలి కింద ఉంటుంది, ఎడమ బొటనవేలికి అంత పని ఉండదు. కొనేముందు క్లాంపు సైజు చూసుకోండి. గ్రిప్పు పక్కన హ్యాండిల్ గొట్టం సాధారణంగా 22.2 మిల్లీమీటర్లు ఉంటుంది, పాత స్టీలు బెల్లు క్లాంపు దానికి సరిపోతుంది. చాలా గేర్ సైకిళ్లకు మధ్యలో గొట్టం 31.8 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, అక్కడ అది పట్టదు. పట్టడం లేదని మధ్యలో రబ్బరు పట్టీ బెల్లు కట్టించుకుంటే, మన ఎండలకు ఆ రబ్బరు ఎన్నాళ్లు నిలుస్తుందో మీరే చూస్తారు.

మా ఊరి దుమ్ము సంగతి తెలిసిందే. బెల్లు లోపలికి సన్నటి మట్టి చేరి, ఎవరో ప్రేమగా పోసిన నూనెతో కలిసి ముద్దయి, పళ్లచక్రాలు బిగుసుకుపోతాయి. మీట నొక్కితే కిర్రుమంటుంది, మోగదు. చాలామంది అప్పుడు దాన్ని పీకేసి ఊరుకుంటారు. మూత తిప్పి విప్పండి, లోపల కిరసనాయిలో పెట్రోలో అద్దిన గుడ్డతో తుడవండి, ఇరుసు దగ్గర ఒక్క చుక్క నూనె వెయ్యండి, వాషర్లకు వద్దు, అవి వదులుగా ఆడాలి. మూతకు మాత్రం ఏదీ ఆనకూడదు. బ్రేకు వైరు ఆనినా, చేతి వేలు తగిలినా, క్యారీ బ్యాగు వేలాడదీసినా మోత అక్కడికక్కడే ఆగిపోతుంది, చేత్తో పట్టుకున్న గంట మోగనట్టే. గతుకుల్లో మూత వదులై పడిపోవడం ఇంకో బాధ, నెలకోసారి చేత్తో బిగించి చూసుకుంటే చాలు.

వేరే దేశాల్లో దీన్ని ఎంత గట్టిగా పట్టించుకున్నారో చూడండి. 1968 నాటి వియన్నా రోడ్డు రవాణా ఒప్పందం సైకిలుకు తగినంత దూరం వినపడే బెల్లు ఉండాలంటుంది, బెల్లు తప్ప ఇంకే చప్పుడు చేసే పరికరమూ ఉండకూడదనీ అంటుంది. బ్రిటన్‌లో కొత్త సైకిలును బెల్లు బిగించే అమ్మాలి. అక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌ను 2022లో సవరించినప్పుడు, నడిచేవాళ్లను దాటేముందు బెల్లు కొట్టడమో మర్యాదగా పిలవడమో చెయ్యమన్నారు, వాళ్లలో వినపడనివాళ్లు, చూపు లేనివాళ్లు ఉండొచ్చని గుర్తుపెట్టుకోమనీ అన్నారు. జపాన్‌లో అయితే అవసరం లేకుండా బెల్లు కొట్టి నడిచేవాళ్లను జరగమంటే 20,000 యెన్‌ల దాకా జరిమానా వెయ్యొచ్చు. ఈ జపాన్ నియమం నాకు బాగా నచ్చుతుంది. మన దగ్గర 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అనవసరంగా హారన్ కొట్టేవాళ్లకు మొదటిసారి 1,000, తర్వాత 2,000 రూపాయల జరిమానా పెట్టింది, అది సైకిళ్లకు వర్తించదు. వర్తించకపోయినా, హారన్ మోతకు విసిగి సైకిలు ఎక్కినవాళ్లం మనమే అట్లా మోగించుకుంటూ పోతే ఎట్లా?

కొట్టకూడని చోట్లు ఉన్నాయి. ఉగాది నాడు దేవుని కడప గుడి వీధిలో, ముస్లింలు కూడా వెంకటేశ్వరస్వామి దర్శనానికి వచ్చే ఆ రోజు, కాలు పెట్టే సందు ఉండదు. పెద్ద దర్గా ఉరుసు రోజుల్లోనూ అంతే. జరగడానికి చోటే లేనివాళ్ల వెనక బెల్లు కొట్టడం అన్యాయం. దిగి నడిపించుకుని పోవాలి. పులివెందుల రోడ్డు మీద జీవాలు అడ్డం వస్తే బెల్లు ముట్టుకోవద్దు, గొర్రెలు బెదిరి చెదిరిపోయి లారీల కిందికి పోతాయి, కాపరిని "న్నా" అని పిలిస్తే ఆయనే ఒక అదిలింపుతో దారి చేస్తాడు. ఆవులకు బెల్లు పట్టదు, వాటి చుట్టూ మనమే తిరిగి పోవాలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచే కుర్రాళ్లకూ వినపడదు. వినలేదని కోపం తెచ్చుకుని దగ్గరగా కోసుకుంటూ పోయేవాళ్లు ఉంటారు, ఆ మనిషికి పుట్టుకతోనే వినపడదేమో మనకేం తెలుసు. బెల్లు కొట్టినంత మాత్రాన దారి మనది అయిపోదు, ఆగాల్సిన బాధ్యత చివరి దాకా సైకిలు మీద ఉన్నవాళ్లదే.

హైస్కూలుకు పోయే ఆడపిల్లల సైకిళ్లు చూస్తే నాకు బాధేస్తుంది. కొన్నప్పుడు బెల్లు ఉంటుంది, ఏడాది తిరిగేసరికి సగం బండ్లకు మూత ఉండదు, క్లాంపు మాత్రం మిగిలి ఉంటుంది. సైకిలు స్టాండులో ఎవరో విప్పుకుపోతారు, లేదా గతుకుల్లో పడిపోతుంది, ఇంట్లో చెబితే "బెల్లే కదా" అంటారు. బ్రేకు పోతే ఎవరూ అట్లా అనరు. పిల్లలు బడి వదిలాక గుంపుగా వస్తారు, సందుల్లోంచి వస్తారు, వాళ్లకు బ్రేకు మీద పట్టు ఇంకా పూర్తిగా రాదు, వాళ్లకే అన్నిటికంటే ముందు బెల్లు కావాలి. జూన్‌లో బడులు తెరిచే ముందు పంచర్లు వేయించడానికి, చైను బిగించడానికి ఎట్లాగూ షాపుకు తీసుకుపోతారు. అప్పుడే మూత ఉందో లేదో చూడండి, లేకపోతే పెద్ద మూత స్టీలు బెల్లు ఒకటి ఎడమ గ్రిప్పు పక్కన బిగించమనండి, పిల్లల బొటనవేలు దానికి అందుతోందో లేదో అక్కడే సీటు మీద కూర్చోబెట్టి చూడండి. మీట వాళ్ల వేలికి గట్టిగా ఉంటే ఇంకోటి మార్చి ఇమ్మని అడగండి.